పుట్టింటికి ముందే చేరిన రికార్డు

గర్భిణుల వివరాలు కంప్యూటర్లలో పెట్టే పని మా ఖమ్మం దవాఖానా ఆఫీసుకు వచ్చింది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, మూడు చోట్ల మూడు మెషీన్లు. ఎక్కడి కోడళ్ల వివరాలు అక్కడి మెషీన్‌లోనే ఉండాలని మా సారు పథకం గీశాడు. చూడగానే నాకు ఒళ్లు మండింది.

"కాన్పుకు ఆడపిల్ల అత్తగారింట్ల ఉంటదా సార్? పుట్టింటికి పోదా?"

"లైన్ ఉంది కదమ్మా! భద్రాచలంల అడిగితే ఖమ్మం మెషీన్ చెప్తది."

"గోదారి పొంగి లైన్ తెగితే?"

"నువ్వొకదానివి, అన్నిటికీ అడ్డం పడుతవ్!"

అడ్డమే పడ్డాను. ప్రతి రికార్డూ మూడు చోట్లా ఉండాలి. కొత్తగా ఏది రాసినా కనీసం రెండు మెషీన్లు అందిందని చెప్పాకే ఖాయం కావాలి. అప్పుడు ఒకటి తెగిపోయినా మిగతా రెండూ పని నడిపిస్తాయి. ఆయన విసిగిపోయి "చేస్కో పో" అన్నాడు. చేశాను.

వానాకాలంలో భద్రాచలం దవాఖానాలో సిస్టర్లకు ఆ పని నేర్పుతుండగా గోదావరి పెరిగింది. ఖమ్మం లైన్ తెగింది, ఫోన్లు పోయాయి. కొత్తగూడెం లైన్ ఒక్కటే నిలిచింది. అంతలో పర్ణశాల వైపు నుంచి ట్రాక్టర్లో ఒక నిండు గర్భిణిని తెచ్చారు. కాన్పుకు పుట్టింటికి వచ్చింది, మెట్టినిల్లు ఖమ్మం పక్క బోనకల్. ఫిట్స్ వచ్చి మాట పడిపోయింది. ఆపరేషన్‌కు ముందిచ్చే ఇంజక్షన్ పట్టుకుని డాక్టరమ్మ అడిగింది, ఏదైనా మందు పడదా అని.

వెంట వచ్చిన ఆమె తల్లి గుండెలు బాదుకుంది. "నాకేం ఎర్కమ్మా! దవాఖానాకు తిప్పింది అత్తగారోళ్లు. జల్దీ చూడుండ్రి, నా బిడ్డ పోయేటట్టున్నది!"

సిస్టర్ పేరు, ఊరు కొట్టింది. రికార్డు తెరుచుకుంది. పెన్సిలిన్ పడదు, ఎర్రని అక్షరాల్లో ఉంది. డాక్టరమ్మ చేతిలోది పక్కన పడేసి వేరే మందు తీసుకుంది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. బాలింత కళ్లు తెరిచింది. నేను ఆగలేక సిస్టర్‌ను కావలించుకుని "గెలిచినం!" అని అరిచాను. పాప రికార్డు రాశాం. అందిందని కొత్తగూడెం చెప్పింది.

మర్నాడు ఖమ్మం లైన్ అతుక్కుంది, ఫోన్లు ఇంకా రాలేదు. వెనకబడిన వివరాలన్నీ ఖమ్మం మెషీన్ తనంతట తనే తెచ్చుకుంది. రోడ్లు మూసేయడంతో ఆ బాలింత మొగుడు కబురు కోసం ఖమ్మంలో మా ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాడట. తర్వాత నేను వెళ్లాక సారే చెప్పాడు.

"లోపటికి పిలిచి స్క్రీన్ చూపించిన. తల్లీబిడ్డా మంచిగున్నరని చదివి వినిపించిన. గా పిలగాడు నన్ను పట్టుకొని ఏడ్చిండు. నేను గూడ ఏడ్చినమ్మా."