పక్క క్వార్టర్‌లో వెండి రెక్క

నాకు కన్ను కుట్టిందని ముందే ఒప్పుకుంటున్నాను. పక్క క్వార్టర్‌లో ఉండేవాడు చేసిన బొమ్మ విమానం చూసి కుట్టింది.

ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి మూరెడు విమానాలు చేయడం నాకు ఇరవై ఏళ్ళ పిచ్చి. నేను బొగ్గుబావిలో పంపుల ఫిట్టర్‌ని. షిఫ్టంతా నల్లటి నీళ్ళలో నిలబడి ఇంటికొచ్చాక, మెరిసే వస్తువు ఒకటి చేతిలో ఉంటే ప్రాణం లేచొచ్చేది. మా కాలనీ క్లబ్బులో క్యారమ్ బల్ల వెనక అద్దాల బీరువా ఉంది. దాని పై అరలో ఆరేళ్ళుగా నా విమానమే ఉంది. కొత్తవాళ్ళెవరైనా "ఎవరు చేసిండ్రిది?" అని అడిగితే నేను వినబడనట్టు పేపర్ చదువుకునేవాణ్ణి. చెప్పడానికి పక్కన ఎవరో ఒకరు ఉండేవారు.

పక్క క్వార్టర్‌వాడు మందమర్రి గని నుంచి బదిలీ మీద వచ్చిన ఎలక్ట్రీషియన్. "అన్నా, నాకు గూడ నేర్పవా" అన్నాడు. నేర్పాను. ముందు నిగనిగలాడే నల్లరంగు వేయాలని, దాన్ని అద్దంలా అయ్యేదాకా వాటర్ పేపర్‌తో, అంటే నీళ్ళలో తడిపే గరుకు కాగితంతో, రుద్దాలని, ఆపైన చిన్న స్ప్రే గన్నుతో వెండిరంగు పలచగా చిమ్మాలని చెప్పాను. అసలు విమానం మీద రేకులన్నీ ఒకే ఛాయలో ఉండవు. అందుకని చుట్టూ టేపు అంటించి ఒక్కో రేకుకు విడిగా కొట్టాలి. టేపు జిగురు గట్టిగా ఉంటే కింది రంగును కూడా పీక్కొస్తుంది కాబట్టి ముందు ముంజేతికి రెండుసార్లు అంటించి తీయాలి. అదీ చెప్పాను. ఒక్కటి కూడా దాచుకోని నా బుద్ధిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఒకరోజు వాడు నా ముందే ఎడమ రెక్క మీది టేపు లాగాడు. గీత గీసినట్టు వచ్చింది అంచు. నా విమానం మీద రంగు టేపు కిందికి కారిన చోట్లు నాలుగున్నాయి. కుంచెతో కప్పేశాను, ఆరేళ్ళుగా ఎవరూ పట్టుకోలేదు. "మంచిగొచ్చింది తమ్మీ" అన్నాను. నా గొంతు నాకే వేరేవాడి గొంతులా వినిపించింది.

క్లబ్బు సెక్రటరీ కూడా అది చూశాడు. "సోమవారం తీస్కరా, పై అరల పెడ్దం" అని వాడితో అన్నాడు. నావైపు తిరిగి, "నీదాన్ని కింది అరల సదురుదం లే" అన్నాడు. కింది అరలో పిడి విరిగిన బహుమతి కప్పులు, సగం పోయిన చదరంగం పావులు ఉంటాయి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

శనివారం వాడు గోడ మీదుగా తొంగిచూశాడు. "అన్నా, కుడి రెక్క ఒక్కటే మిగిలింది. రేపు మధ్యాహ్నం కొడ్త. ఆదివారం బ్లాస్టింగ్ ఉంటదా?"

రంగు వాసనకు కిటికీలన్నీ తెరవాలి. కాలనీ పక్కన ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే ఇల్లు అదిరి, దుమ్ము లోపలికొచ్చి తడిరంగు మీద కూర్చుంటుంది. మామూలుగా ఆదివారం ఉండదు. కానీ ఆ వారం ప్లేడే డ్యూటీ, అంటే సెలవునాడు కూడా పని, పెట్టారు. రెండు గంటలకు పేలుస్తామని అక్కడ పేలుడుమందు పెట్టేవాడే ఆ పొద్దున క్యాంటీన్‌లో నాతో అన్నాడు.

"ఆదివారం ఎక్కడి బ్లాస్టింగ్ తమ్మీ? బేఫికర్‌గ కొట్టుకో" అన్నాను.

రెండు గంటలకు సైరన్ మోగింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. పావుగంట ఆగి, ఏమీ ఎరగనట్టు వాళ్ళింటికి పోయాను. కుడి రెక్క నిండా ఈకలు పీకిన కోడి చర్మంలా పొక్కులు. నాకు లోపల హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది.

వాడి భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. "పక్కింటన్న లేదన్నడంటివి గదా? మరి సైరన్ కంటె ముందుగాలనే అక్క దండెం మీది బట్టలెందుకు తీసింది?" అని మొగుణ్ణి అడిగింది.

పొద్దునే నా భార్యకు చెప్పింది నేనే, బ్లాస్టింగ్ ఉంది, ఒంటిగంటకల్లా బట్టలు తీసెయ్యమని.

వాడు తలెత్తి నన్ను చూశాడు. అంతా అర్థమైపోయింది వాడికి. ఆ చూపులోనే తెలిసింది నాకు. ఆ తర్వాత భార్యవైపు తిరిగి, "అక్క దినాం గా యాళ్లకే తీస్తది. అన్నకేం ఎరుక, పాపం" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వాడు వాటర్ పేపర్ ముక్క నీళ్ళలో ముంచి రెక్క రుద్దడం మొదలుపెట్టాడు. తప్పైందని అనకుండా, నేను కింద పడ్డ టేపు ముక్కలు ఏరాను.

"అన్నా, మల్ల రంగు ఏ దినం కొట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాడు.

గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. సరేనని తలూపి ఇంటికొచ్చాను. చేతి పనితనం సరే, ఆ మంచితనం కూడా వాడికే ఎందుకు దక్కాలని మళ్ళీ కడుపు మండింది.