కాంపౌండరు ఇచ్చిన పూచీ

ఆస్పత్రిలో అందరూ ఆయన్ను కాంపౌండరు గారనే పిలిచేవారు. జుట్టు నెరిసేదాకా మందుల కిటికీ వెనకే నిలబడ్డ మనిషి. కుర్రతనంలో చర్చి వెనక గదిలో ముసలి ఫాదరు చెప్పిన పాఠాలు ఆయనకు బాగా ఒంటబట్టాయి. "చట్టం మనిషి రాసుకున్నది. ధర్మం మనిషి పుట్టుకలోనే ఉంది. అది కనపడ్డానికి బైబిలు కూడా అక్కర్లేదు, బుద్ధి చాలు" అనేవాడు ఆ ఫాదరు. కాంపౌండరు ఆ మాట పట్టుకుని క్యాంటీన్లో దొరికినవాడితో దొరికినట్టు వాదించేవాడు. "అదిగో, ధర్మం నడిచొస్తోంది. గబగబా తాగి లేవండ్రా" అని జనం వేళాకోళం చేస్తే ఆయనా నవ్వేవాడు.

గర్భం పోయే మాత్రలు ఆస్పత్రిలోనే ఇవ్వాలని కొత్త చట్టం వచ్చింది. ఆ చీటీ పట్టుకుని మొదట వచ్చింది నూలుమిల్లులో పనిచేసే పెళ్లికాని అమ్మాయి. ఆయన చీటీ చదివి వెనక్కి ఇచ్చేశాడు.

"నా చేత్తో ఇవ్వలేనమ్మా. లోపలున్నది ప్రాణం."

"మరి నా ప్రాణం సంగతేంటి సార్? వాడు ఎటో పోయాడు. కడుపుతో ఉన్నానని తెలిస్తే మిల్లులో ఉంచరు."

"కనమ్మా. నీ వెనక మేమందరం ఉంటాం. నాదీ పూచీ."

ఆమె చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

సంగతి పైవాళ్లకు తెలిసి ఆయన ఉద్యోగం ఊడింది. "మీ మనస్సాక్షికి నేను అడ్డం రాను" అంది భార్య. "కానీ ఎవర్ని చూసుకుని పూచీ ఇచ్చారు?"

ప్రతిపక్ష పార్టీ నాయకుడు గుమ్మంలోకి వచ్చినప్పుడు, భార్య ప్రశ్నకు జవాబే నడిచొచ్చిందనుకున్నాడు కాంపౌండరు. "నీలాంటివాడి కోసమే చూస్తున్నాం అన్నా. మేమొస్తే ఆ చట్టం తీసేస్తాం."

ఎన్నికల్లో గోడలన్నిటి మీదా కాంపౌండరు బొమ్మే. ఆయన మాట్లాడుతుంటే ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవారు. ఒక సభలో ఆయన ఇంకో ముక్క కూడా అన్నాడు. "బిడ్డను కనమనే నోరే ఆ బిడ్డకు పాలెక్కడివో కూడా చెప్పాలి. కాన్పైన తల్లిని పనిలోంచి తీసేయడమూ అధర్మమే." అంతే, మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకున్నాడు గానీ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

"మిల్లు యజమాని ముందు వరసలోనే ఉన్నాడన్నా" అన్నాడు నాయకుడు చెవిలో. "ఒక్కో మెట్టే ఎక్కుదాం."

ఆయన మైకు వదిలి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

పార్టీ గెలిచింది. నాయకుడు మంత్రి అయ్యాడు. చట్టం మాత్రం ఉన్నచోటే ఉంది. ఒకరోజు బస్టాపులో ఆ అమ్మాయి ఎదురైంది, చంకలో పసిపిల్ల.

"మీ మాట నమ్మి కన్నాను సార్. మిల్లులోంచి తీసేశారు. మీవాళ్లే గెలిచారుగా, ఇప్పుడు చెప్పండి."

ఆయన ఆమెను వెంటబెట్టుకుని మంత్రి ఆఫీసుకు వెళ్లాడు. పొద్దంతా కూర్చోబెట్టి ఆయనొక్కణ్నే లోపలికి పిలిచారు.

"తేనెతుట్టెను ఇప్పుడెవరు కదుపుతారన్నా? ఆ చట్టం ఉంటేనే కదా వచ్చేసారి మళ్లీ మాట్లాడగలం."

"మరి ఆ అమ్మాయి పని?"

"అది మిల్లువాళ్ల ఇష్టం."

"ధర్మాన్ని నువ్వెప్పుడైనా నమ్మావా?"

మంత్రి నొచ్చుకోలేదు. "నువ్వు నమ్మావుగా. అందుకే నీ బొమ్మ వేశాం."

అక్కణ్నుంచి చర్చికి వెళ్లారు. ముసలి ఫాదరు పోయి చాన్నాళ్లైంది. హాలుకు కొత్త పైకప్పు వేయించింది మంత్రే కాబట్టి, "ప్రార్థన చేద్దాం, తొందరపడొద్దు" అన్నాడు కొత్త ఫాదరు. ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చోగానే పక్కనున్న ఆడవాళ్లు దూరంగా జరిగి కూర్చున్నారు. ఎన్నికల సభల్లో వాళ్లే కాంపౌండరు మాటలకు కళ్లు తుడుచుకున్నారు.

చివరికి ఇంటికే తీసుకొచ్చాడు. భార్య ఏమీ అడక్కుండా పిల్లను అందుకుంది. ఆ అమ్మాయికి ఒక లాండ్రీలో పని దొరికింది. రోజూ పొద్దున పిల్లను వీళ్లింట్లో వదిలి వెళుతుంది. కాంపౌండరు ఇప్పటికీ ఆ మాత్ర తప్పే అంటాడు. "అనండి, ముందు ఆ ఉయ్యాల ఊపుతూ అనండి" అంటుంది భార్య.

ఆ అమ్మాయి పిల్లను ఎప్పుడూ భార్య చేతికే ఇస్తుంది. ఒకనాడు భార్య లోపలుంటే ఆయనకే ఇవ్వాల్సి వచ్చింది.

"మీ మీద కోపం పోలేదు సార్. వేరే చోటు లేక వస్తున్నా."

"తెలుసమ్మా."

ఆమె బస్సు కోసం పరుగెత్తింది. ఆయన పిల్లను భుజాన వేసుకుని, తడిసిన గుడ్డలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లాడు.