సన్యాసమ్మ గారి పద్దెనిమిది వందల పదహారు

ఇవాళ పొద్దున్న మా ఎదురింటి ప్రహరీ గోడకి ఎవరో పోస్టర్లు అంటిస్తున్నారు. బకెట్ నిండా ఉడికించిన మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో కలిపిన మైలుతుత్తం. గాలి ఇటు తిరిగేసరికి ఆ పులిసిన వాసన మా వరండాలోకి వచ్చింది. టీ తాగుతున్నవాణ్ణి గ్లాసు పక్కన పెట్టేశాను. ఇరవై ఏళ్ళ నాటి కడుపుమంట ఒకటి ఉన్నచోటే ఉందని ఆ వాసన నాకు చెప్పింది. దాని గురించి రాయాలంటే సన్యాసమ్మ గారి గురించి రాయాలి. ఆవిడ ఎవరో ఈ ఊరు దాటి ఎవరికీ తెలియదు. నేను ఈర్ష్య పడినంతగా ఆవిణ్ణి ఎవరైనా ప్రేమించారో లేదో నాకు తెలియదు.

నేను ఎమ్మే హిస్టరీ ఫస్ట్ క్లాసులో పాసై, బి.ఎడ్. కూడా పూర్తి చేసి, నర్సీపట్నంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరాను. గవర్నమెంటు ఉద్యోగం వచ్చేదాకా అనుకుని చేరినవాణ్ణి. ఆ బడి ఒకప్పుడు బెల్లం గోదాము. పొడుగాటి హాలుని తడికలతో గదులుగా విడగొట్టారు. వానాకాలం వస్తే గచ్చు పగుళ్ళలోంచి చీమలు బారులు తీరేవి, ఏనాటి తీపో ఇంకా ఉన్నట్టు. నాకు తొమ్మిది, పది తరగతుల సోషల్ ఇచ్చారు. తడికకి అవతల ఎనిమిదో తరగతి. అక్కడ సన్యాసమ్మ టీచరు గారు చెప్పేవారు. రోలుగుంట వైపు రైతు కుటుంబం ఆవిడది. ఇంటర్ తరవాత టీచరు ట్రైనింగ్ చేశారు, అంతే. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేవారు, దళసరి కళ్ళద్దాలు, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. మొదటిరోజు ఆవిణ్ణి చూసి, ప్రైవేటు బడులు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను. ఆ చిన్నచూపు వారం రోజులు కూడా నిలవలేదు.

ఆవిడకో పద్ధతి ఉండేది. దసరా సెలవులు అవగానే ఎనిమిదో తరగతికి ఒక సంవత్సరం ఇచ్చేవారు. ఒకే ఒక్క సంవత్సరం. ఆ ఏడు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏం జరిగిందో పిల్లలు వెతికి తేవాలి. ఊళ్ళో గ్రంథాలయం, పాత కాగితాల కొట్లో ఆవిడ ఏరుకున్న పుస్తకాలు, వార్తాపత్రికల ఆదివారం సంచికలు, అవే ఆధారం. దొరికినదంతా చార్టుల మీద రాసి, వెనక గోడకి మైదా జిగురుతో అంటించేవారు. నేను చేరిన ఏడాది వాళ్ళకి వచ్చింది పద్దెనిమిది వందల పదహారు.

నేను ఇవతల ఫ్రెంచి విప్లవానికి కారణాలు, ఫలితాలు నెంబర్లు వేసి రాయిస్తున్నాను. అవతలనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఆ ఏడు అమెరికాలో జూన్ నెల్లో మంచు కురిసిందర్రా. జూన్ అంటే ఏటి? మనకి బడి తెరిసే నెల."

"ఎందుకు టీచర్?" అని ఎవరో పిల్ల అడిగింది.

"అంతకు ముందేడు తూర్పు దీవుల్లో ఒక కొండ బద్దలైపోనాది. ఆ బూడిద ఆకాశం మీదకెక్కి కూకున్నాది. సూర్యుడికి గొడుగేసినట్టు అయిపోనాది. మరి ఎండ నేకపోతే గోధుమ ఎలాగ పండుతాది? యూరప్‌లో రొట్టెకి కటకటలాడిపోనారు. కొండ ఒక దేశంలోన, ఆకలి ఇంకో దేశంలోన. మధ్యన ఎన్ని సముద్రాలున్నాయో మేపులో సూడండి."

నా క్లాసులో పెన్నులు ఆగిపోయాయి. నలభై మంది చెవులు తడిక వైపు తిరిగాయి. "ఇటు చూడండి" అని బల్ల మీద కొట్టాను. చూశారు, కళ్ళతో మాత్రమే. నేను చెబుతున్న విప్లవంలో మనుషులు చనిపోతున్నారు, రాజులు పడిపోతున్నారు. అయినా నా పిల్లలు పక్కగదిలో పడుతున్న మంచు కోసం మెడలు చాస్తున్నారు.

మర్నాడు ఇంకా ఘోరం. ఆ ఏడే పారిస్‌లో ఒక డాక్టరు, జబ్బుపడిన ఒక అమ్మాయి ఛాతీ మీద చెవి పెట్టడానికి మొహమాటపడి, కాగితాలు గొట్టంలా చుట్టి వింటే గుండె చప్పుడు ఇంకా బాగా వినిపించిందట. అదే తరవాత స్టెతస్కోపు అయిందట. ఆవిడ చెప్పి ఊరుకోలేదు. పిల్లలందరిచేతా నోటుపుస్తకాలు చుట్టించి, పక్కవాళ్ళ గుండె వినమన్నారు. అవతల గది ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. అంతమంది పిల్లలు ఊపిరి బిగబట్టి ఉన్న నిశ్శబ్దం అది. నా జీవితంలో నేను ఏ క్లాసులోనూ అలాంటిది తెప్పించలేదు. ఆ సాయంత్రం అద్దెగదికి వెళ్ళి, పేపరు చుట్టి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వినడానికి ఆ గదిలో ఇంకో గుండె లేదు. నవ్వుకోవాల్సింది, కానీ కోపం వచ్చింది.

అప్పటినుంచి ఆవిడ గోడ చార్టులో తప్పు వెతకడం నా పని అయింది. ఆదివారాలు గ్రంథాలయంలో కూర్చుని, ఒక్కొక్క వాక్యం సరిచూశాను. దక్షిణ అమెరికాలో కొన్ని రాష్ట్రాలు కలిసి స్పెయిన్ రాజుని కాదని స్వాతంత్ర్యం ప్రకటించుకోవడం, నిజం. చైనా చక్రవర్తి ముందు సాష్టాంగపడనన్న ఇంగ్లీషు రాయబారిని తిప్పి పంపెయ్యడం, నిజం. నేపాల్‌తో కంపెనీ వాళ్ళ సంధి, నిజం. ఒక్కొక్కటీ నిజమని తేలినకొద్దీ నేను దిగులుపడ్డాను. చరిత్ర చదువుకున్నవాడు అలా దిగులుపడటం ఏమిటో మీరే ఊహించుకోండి.

మూడో ఆదివారం నా కోరిక తీరింది. చార్టు చివర 'మన ప్రాంతం' అనే గడి ఉంది. "ఈ ఏడు మన కొండల్లో కూడా పొడిమంచు పడింది. జొన్న, సామ పోయాయి. కొండవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని పల్లపు ఊళ్ళకి దిగి వచ్చారు. పల్లంవాళ్ళు గంజి కాచి పోశారు" అని ఉంది. నేను గ్రంథాలయంలో ఉన్న పాత జిల్లా చరిత్రలన్నీ తిరగేశాను. ఎక్కడా ఆ ముక్క లేదు. అది కల్పన. నా ఒళ్ళంతా సంతోషం పాకింది. ఆ సంతోషం గురించి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఇది రాసి లాభం లేదు. మర్నాడే ఆవిడతో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పదిహేను రోజుల్లో బడి ఎగ్జిబిషన్ ఉంది. అప్పటిదాకా దాచుకున్నాను.

ఎగ్జిబిషన్ రోజు తల్లిదండ్రులు వచ్చారు. మాకవరపాలెం నుంచి ఒక రిటైర్డ్ తహసీల్దారు గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన చార్టంతా ఓపిగ్గా చదివి, చివరి గడి దగ్గర ఆగి, చాలా మెచ్చుకుని, "ఇది ఏ రికార్డులో దొరికిందండీ?" అని అడిగారు. సన్యాసమ్మ గారు నోరు తెరిచేలోగా నేను ముందుకు వచ్చాను.

"ఏ రికార్డులోనూ లేదండీ. నేను మొత్తం వెతికాను. అది కల్పితం."

ఆవిడ కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"నిజమేనండి. పుస్తకంలో నేదు. నానే రాసినాను. పిల్లల తప్పేటీ నేదు" అన్నారు.

అంతే. సాకు చెప్పలేదు, ఎదురు మాట్లాడలేదు. ఆ గడిని రంగుపెన్సిళ్ళతో ముద్దుగా రాసిన రమణమ్మ అనే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అతిథి గారు ఇబ్బందిగా దగ్గి, పక్క చార్టుకి వెళ్ళిపోయారు. కరస్పాండెంట్ గారి మొహం మాడిపోయింది. సోమవారం బడికి వెళ్ళేసరికి టైమ్‌టేబుల్ మారిపోయింది. ఎనిమిదో తరగతి నాకు, ఆవిడకి ఒకటీ రెండూ తరగతులు.

గెలిచాను కదా. ఆ తరగతిలోకి వెళ్ళి నిలబడ్డాను. పిల్లలు లేచి నమస్కారం పెట్టి కూర్చున్నారు, చెప్పింది రాసుకున్నారు. అల్లరి చేసినా బాగుండేది. వెనక గోడ చూశాను. మన ప్రాంతం గడి మీద ఎవరో తెల్లకాగితం అంటించారు. జిగురు ఇంకా తడిగానే ఉంది. దాని మీద సన్యాసమ్మ గారి గుండ్రటి దస్తూరీ: "ఈ ఏడు మన దగ్గర ఏం జరిగిందో మనకి ఇంకా తెలియదు." ఆ ఒక్క వాక్యం నేను నెల రోజులు చెప్పిన పాఠం కన్నా బాగుంది. దానికీ అసూయపడ్డాను.

ఇరవై రోజులు అలా గడిచాక ఓ సాయంత్రం ఉండబట్టలేక ఆవిడ దగ్గరికి వెళ్ళాను. రెండో తరగతి గదిలో ఒక్కరే కూర్చుని, పలకలు తడిగుడ్డతో తుడిచి దొంతర పెడుతున్నారు.

"ఏటండి మాస్టారూ, గుమ్మంలో నిలబడిపోనారు? రండి" అన్నారు.

"ఆ రోజు నేను అలా అందరి ముందూ..." అని ఆగిపోయాను.

"గ్రంథాలయం రిజిస్టర్‌లో మీ సంతకం సూసినాను. మూడు ఆదివారాలు వరసగా. ఏ పుస్తకాలు తీసినారో కూడా రాసున్నాది." పలక తుడుస్తూనే అన్నారు. "ఎందుకు తీస్తన్నారో తెలిసిపోనాది. వచ్చి సెప్తారని సూసినాను."

"మరి మీరే ఆ గడి మార్చెయ్యొచ్చు కదండీ?"

"మార్చీవొచ్చు. ఈయన సెప్తే మారుద్దాం, రోజూ ఎదురెదురుగా తిరుగుతన్నాం కదా, సెప్పకపోతారేటి అనుకున్నాను. అదీ నా పొగరే. మీరెందుకు సెప్పలేదు?"

"అసూయండీ" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆవిడ నవ్వలేదు, జాలీ పడలేదు. "నాకు మాత్రం నేదేటి?" అన్నారు. "మీరు ఎమ్మే చదివినోరు. నన్ను మా ఇంటోళ్ళు ఇంటర్‌తో ఆపీసినారు. మీరు నడిసొస్తంటే ఆ డిగ్రీ కూడా పక్కన నడిసొస్తన్నట్టే ఉండీది నాకు. అది అలా ఉంచండి. ఆ గోడ సూసినారు కదా. పారిస్‌లో ఒక డాక్టరు కాగితం సుడితే అది కూడా రాసి ఉంచుకున్నారు. మన కొండల్లో అంతమంది బతికి ఉంటారు, పంట పండో పండకో ఏదో ఒకటి అయి ఉంటాది. ఒక్క ముక్క నేదు. పిల్లలు 'మనూరు ఎక్కడ టీచర్?' అంటే కడుపు మండిపోనాది మాస్టారూ. లండన్ మీద, పారిస్ మీద ఏడుపొచ్చీసింది. ఆ మంటలోన రాసీసినాను. రాయకూడదు. తప్పు తప్పే."

ఊళ్ళ మీద కూడా అసూయ పడొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నా అసూయ ఎంత చిన్నదో ఆవిడ అసూయ పక్కన పెట్టి చూసుకున్నాను.

మర్నాటినుంచి బడి వదిలాక అరగంట తన ముందు నన్ను పాఠం చెప్పమన్నారు ఆవిడ. చిన్న బల్ల మీద ఇరుక్కుని కూర్చుని, ఎనిమిదో తరగతి పిల్లలా వినేవారు. నేను గోధుమ కరువు గురించి చెబుతుంటే, "ఆ పిల్లల తల్లి ఆ పూట ఏటి వండింది మాస్టారూ?" అని అడిగేవారు. నేను తడబడి ఏదో అల్లబోతే చెయ్యెత్తి ఆపేవారు. "ఊఁహూఁ. నాలాగ సెయ్యకండి. తెలీదని బేగి సెప్పీండి. సెప్పీసి, ఎక్కడ వెతకాలో పిల్లల్నే అడగండి." తెలియదు అనడానికి నాకు నెల పట్టింది. మొదటిసారి ఎనిమిదో తరగతిలో ఆ మాట అన్నప్పుడు రమణమ్మ తలెత్తి నా వైపు చూసింది. ఆ పిల్ల నన్ను చూడటం అదే మొదలు.

తరవాత నేను విశాఖపట్నం వెళ్ళి, యూనివర్సిటీ లైబ్రరీలో రెండు రోజులు కూర్చున్నాను. ఆ ఏడు గుంటూరు ఊళ్ళ మీద పిండారీలు గుర్రాల మీద వచ్చి పడి దోచుకున్నారని దొరికింది. ఆ ఏడే మద్రాసులో అచ్చయిన ఒక తెలుగు వ్యాకరణంలో, తెలుగు సంస్కృతంలోంచి పుట్టింది కాదు, తమిళ కన్నడాల తోబుట్టువని ఒక ఇంగ్లీషు దొర రాశాడని దొరికింది. మా కొండల గురించి మాత్రం ఏమీ దొరకలేదు. కాగితాలు తెచ్చి చూపిస్తే ఆవిడ రెండుసార్లు చదివారు. "అయితే మన తెలుగోళ్ళు ఉన్నారన్నమాట గోడ మీద" అన్నారు. ఆ మాటకి పొంగిపోయి, వెంటనే కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్ళి, ఎనిమిదో తరగతి ఆవిడకి తిరిగి ఇచ్చెయ్యమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తల్లిదండ్రులకి ఏం చెప్పుకోవాలి అన్నారు. మళ్ళీ జూన్‌లో అడిగాను, ఆ పై జూన్‌లో కూడా అడిగాను. నేను ఒక్క నిమిషంలో పడగొట్టిన దాన్ని మళ్ళీ నిలబెట్టలేకపోయాను. పద్దెనిమిది వందల పదహారే ఆవిడ ఇచ్చిన చివరి సంవత్సరం అయింది.

తరవాత నాకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. ఆ బడి మూతపడింది. ఆవిడ కోటవురట్లలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. నేను ఏడాదికోసారైనా వెళ్ళి చూసేవాణ్ణి. పాఠాలు ఎలా సాగుతున్నాయని అడిగేవారు, ఎగ్జిబిషన్ మాట మాత్రం ఎత్తేవారు కాదు. నిరుడు వానాకాలంలో జ్వరంతో పోయారు.

పదోరోజు భోజనాలకి వెళ్ళాను. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. షామియానా కింద కూర్చుని వాళ్ళు ఒకరినొకరు ఎలా గుర్తుపట్టుకుంటున్నారంటే, ఏ ఏడు పాసయ్యారని కాదు, టీచరు గారు ఇచ్చిన ఏడు ఏదని. "మాది పద్దెనిమిది వందల నాలుగు." "మాది పన్నెండు." వాళ్ళ మధ్య నాకు కుర్చీ ఉంది, చెప్పుకోవడానికి సంవత్సరం లేదు. నర్సుగా పనిచేస్తున్న ఒకావిడ దగ్గరికి వచ్చి, "గుర్తుపట్టారా మాస్టారూ? రమణమ్మని. మీది ఏ ఏడు?" అంది, వరసలో అందరినీ అడిగినట్టే, చనువుగా.

నాదీ పదహారే అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు ఏ ఏడూ లేదమ్మా. మీ గోడ మీద తప్పు పట్టుకున్నవాణ్ణి కదా" అన్నాను.

"అయ్యో, అలగంటారేటి మాస్టారూ! టీచరు గారు ఎన్నిసార్లు సెప్పినారో మాకు. మీరు ఆ తప్పు పట్టిన రోజునుంచే ఆ గోడ మీదున్నవన్నీ నిజమని ఆవిడకి ధైర్యంగా ఉండీదంట. వెతికి సూసినోడు ఒకడున్నాడు అనీవోరు."

కళ్ళు తడిశాయి, చెబుతున్నాను. కానీ విస్తరి ముందు కూర్చున్నాక, మొదటి ముద్ద దిగకముందే పాత మంట లేచింది. ఆ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు ఆవిడ. ఇన్నేళ్ళు వెళ్ళాను, ఎదురుగా కూర్చున్నాను. వాళ్ళకి చెప్పారు. నన్ను గురించిన మాట కూడా వాళ్ళకే ఇచ్చారు. ఇప్పటికీ ఏ క్లాసులోనైనా "నాకు తెలియదర్రా, వెతుకుదాం" అన్నప్పుడల్లా ఆవిణ్ణి తలుచుకుంటాను. తలుచుకున్నప్పుడల్లా, పదమూడేళ్ళ వయసులో ఆవిడ ముందు కూర్చున్న ఆ పిల్లలందరి మీదా నాకు అసూయే.