మండపం ఎక్కిన తప్పెట

ఒక మనిషి స్తంభం చాటున వంగి కర్పూరం వెలిగిస్తుంటే మీరు అతని గురించి ఏమనుకుంటారు? జవాబుకు తొందరపడకండి. నేను తొందరపడ్డాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరి కోట కింద ఒక రాతి మండపం ఉంది. పాలెగాళ్ళ కాలంలో అక్కడ దర్బారు జరిగేదని చెబుతారు. మూడు పక్కలా మెట్లు, ముందు పెద్ద బయలు, ఆ చివర రోడ్డు వైపు గేటు. బయలు అందరిదీ. మేకలు తోలుకొచ్చేవాళ్ళు, క్రికెట్ ఆడేవాళ్ళు, సంత రోజు బండ్లు నిలుపుకొనేవాళ్ళు, మీటింగులు పెట్టే పార్టీలవాళ్ళు, ఎవరైనా రావచ్చు. మండపం మాత్రం అందరిదీ కాదు. అలాగని ఎక్కడా రాసి లేదు. అక్కడున్న బోర్డు మీద గోడలపై పేర్లు చెక్కకూడదని మాత్రమే ఉంది. అయినా జాతరలో, ఊరేగింపులో తప్పెట కొట్టేవాళ్ళు ఆ మెట్ల దాకా వచ్చి ఆగిపోతారు. పైన నాదస్వరం కూర్చుంటుంది, భజన కూర్చుంటుంది, ఎన్నికలప్పుడు నాయకులు కూర్చుంటారు. తప్పెట కింద నిలబడుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఎవరూ వాళ్ళను ఆపడం చూడలేదు. వాళ్ళు ఆగడమే చూశాను.

పోయిన చలికాలం ఊరి పెద్దలు కొందరు కమిటీ వేసుకుని, ఆ మండపం మీద ఆర్కెస్ట్రా పెట్టించాలని నిర్ణయించారు. సినిమా పాటల ఆర్కెస్ట్రా కాదు. బెంగళూరు నుంచి నలభై మంది వస్తారు. ఫిడేళ్ళు, బాకాలు, మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే తంత్రీ వాద్యాలు. టికెట్ లేదు. ఎవరైనా వచ్చి బయల్లో కూర్చుని వినవచ్చు. నన్ను కూడా కమిటీలోకి పిలిచారు. పిలవకపోతే పత్రికకు ఏదో ఒకటి రాస్తాడని భయం కావచ్చు.

మొదటి సమావేశంలో నేను అడిగింది ఒక్కటే. మన తప్పెట కూడా ఉండాలి, ఆ మండపం మీదనే ఉండాలి.

కమిటీ అధ్యక్షుడిది కంబదూరు వైపు మెట్ట భూములున్న పెద్ద కుటుంబం. రాజకీయాల్లో ఉన్నాడు, వ్యాపారంలో ఉన్నాడు. మర్యాదస్తుడు. గొంతు పెంచడు.

"ఉండనీ సార్, ఎవురొద్దన్నారు? గేటుకాడ కొట్టనీ. గెస్టులొచ్చేటప్పుడు తప్పెట మోగితే కళగా ఉంటాది," అన్నాడు.

"గేటుకాడ కాదు. పైన."

"పైన జాగా యాడుండాది సార్? నలభై కుర్చీలు ఏస్తాండాం."

"నలభై ఒకటి వేయండి."

పక్కన కూర్చున్న ఎరువుల వ్యాపారి కలగజేసుకున్నాడు. "కిందనుంచి కొడితేనే సార్, సప్పుడు బాగా వినపడేది."

"అయితే ఫిడేళ్ళను కూడా కిందనే కూర్చోబెడదాం."

నవ్వారు. ఆ నవ్వుతో సగం గెలిచానని నాకు తెలుసు. సంస్కరణ సభల్లో వాదిస్తూ పెరిగినవాణ్ని. ఎదుటివాడి మాటనే తీసుకుని ఎదుటివాడి మీదికి విసరడం అక్కడే నేర్చుకున్నాను. గంటసేపు వాదించాను, గెలిచాను. గెలిచి ఇంటికి నడిచి వస్తుంటే ఏమీ అనిపించలేదు. ఈమధ్య అంతే. గెలిచినా అంతే, ఓడినా అంతే.

తప్పెట కొట్టే ఆయనకు అరవై దాటాయి. ఊరి పక్కనే పేటలో ఉంటాడు. నేను ఆయన్ని అన్నా అంటాను. ఆయన నన్ను సార్ అంటాడు. ఆ సార్ మానిపించాలని చాలా ఏళ్ళు చూశాను, కుదరలేదు. కమిటీ నిర్ణయం చెప్పడానికి వెళ్ళేసరికి ఆయన భార్య గడపలో కూర్చుని శెనిక్కాయలు ఒలుస్తోంది.

"మండపమెక్కి కొట్టేదా? బాగుండాది. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు పట్టుకుంటే ఎవురు దించేది?" అంది.

"కుర్చీ ఏస్తారంట," అన్నాడు ఆయన.

"కుర్చీలో కూర్చోని తప్పెట కొట్టినోన్ని యాడన్నా చూసినావా? కాళ్ళు ఊపుకుంటా కొడతావా?"

ఆయన నవ్వలేదు. "నిలబడే కొడతా సార్. మా నాయన బతికినన్నాళ్ళూ ఆ మెట్ల కింద్నే కొట్టినాడు. పైనుంచి జూస్తే బయలు ఎట్లుంటాదో ఆయప్పకు తెలీదు. నాకూ తెలీదు. ఒకసారి కొట్టుకుంటా సూడాలని ఉండాది."

కచేరీకి ముందురోజు ఒక కల్యాణ మండపంలో అందరూ కలిసి వాయించి చూసుకున్నారు. ఆయన హాలు బయట ఇంత గడ్డి పోగేసి మంట పెట్టి, తప్పెట కాచుకుని లోపలికి వచ్చాడు. సెగకు చర్మం బిగుసుకుంటేనే తప్పెట పలుకుతుంది. మా వైపు పుట్టిన ఎవరికైనా ఇది తెలుసు. నాకూ తెలుసు. పుల్ల తగలగానే కిటికీ అద్దాలు అదిరాయి. చేతిలో సన్నని పుల్లతో నలభై మందిని నడిపించే కండక్టర్ ఆ పుల్ల కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. మొదట తప్పెట ఒక్కటే మోగాలి, తర్వాత ఒక్కొక్క వాద్యమూ వచ్చి కలవాలి అని అప్పటికప్పుడు వరస మార్చాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన భార్య, "బస్సు లేకపోయినా కండక్టరు మంచోడే," అంది. ఆ రోజు ఆయన నవ్వాడు.

కచేరీ సాయంత్రం మబ్బు పట్టింది. కంది పూత మీద ఉన్న రోజులు, మబ్బు పడితే పూత రాలుతుంది. బయల్లోకి వచ్చిన ప్రతివాడూ కూర్చునే ముందు ఒకసారి తలెత్తి పైకి చూశాడు. తేమ గాలి వీస్తోంది. అందరికీ ఆ గాలి హాయిగా ఉంది. గెస్టులు వస్తారని రెండు రోజుల ముందునుంచే కూలీలను పెట్టి బయలంతా ఊడ్పించారు. ముళ్ళకంప లేదు, ఎండుపుల్ల లేదు. సిమెంటు గచ్చులా ఉంది నేల. ముందు వరసల్లో కుర్చీలు, వెనక టార్పాలిన్లు. కణేకల్ నుంచి కూడా జీపుల్లో వచ్చారు. పైన నలభై మంది తెల్ల చొక్కాలు, నల్ల కోట్లు వేసుకుని తంత్రులు సవరించుకుంటున్నారు. జనం ఓపిగ్గా వింటున్నారు.

నేను మండపం పక్కగా, దక్షిణం మెట్ల వైపు వెళ్ళాను. అక్కడ ఒక స్తంభం మీద ఆంజనేయుడి బొమ్మ చెక్కి ఉంది. ఎవరో సిందూరం పూశారు. ఆ స్తంభం మొదట్లో ఆయన వంగి ఉన్నాడు. ముందు రాతి మీద కర్పూరం బిళ్ళలు మండుతున్నాయి. రెండు చేతులతో తప్పెటను ఆ మంట ముందు పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు.

నేను చూసింది ఇంతే. కర్పూరం, ఆంజనేయుడు, వంగిన తల.

కర్పూరంతో నాది పాత పోరాటం. దొంగ స్వాముల గుట్టు విప్పడానికి ఊరూరా తిరిగిన రోజుల్లో, వెలుగుతున్న కర్పూరాన్ని నాలుక మీద పెట్టుకుని చూపించేవాణ్ని. ఆ మంట వెనక ఎప్పుడూ ఒక మోసం ఉంటుందని జనానికి చెప్పీ చెప్పీ నేనే నమ్మాను. ఈ మెట్లు మొదటిసారి ఎక్కబోతూ ఈయన ఒక రాతి బొమ్మను అనుమతి అడుగుతున్నాడే అనిపించింది. పత్రికలవాళ్ళు ఫొటో తీస్తారనీ అనిపించింది. నాలుగు అంగల్లో వెళ్ళి చెప్పు కాలితో ఆ మంటను తొక్కేశాను.

"ఏందన్నా ఇది? ఈ మెట్లెక్కేదానికి ఏ దేవుని పర్మిషనూ నీకు అక్కర్లేదు."

ఆయన తలెత్తాడు. "అది కాదు సార్..."

"ఇంకేం చెప్పొద్దు. పద, పిలుస్తాండారు."

మైకులో నిజంగానే పిలుస్తున్నారు. ఆయన నా మొహం చూశాడు, నేల మీద నలిగిన కర్పూరం చూశాడు. "సరే సార్," అన్నాడు. అరచేత్తో చర్మాన్ని గబగబా రుద్దుతూ మెట్లెక్కాడు.

పైకి వెళ్ళి నిలబడ్డాడు. బయలు వైపు ఒకసారి చూశాడు. అది నేను గమనించాను. కండక్టర్ తల ఊపాడు. నలభై మంది నిశ్శబ్దంగా ఉన్నారు. ఆయన కొట్టాడు.

తడి గోనె మీద కొట్టినట్టు ఒక మొద్దు చప్పుడు వచ్చింది. మళ్ళీ కొట్టాడు. అదే చప్పుడు. పుల్ల మార్చాడు, అంచు మీద కొట్టాడు, బలమంతా పెట్టి కొట్టాడు. మైకు ఆ మొద్దుతనాన్నే పెద్దది చేసి బయలంతా వినిపించింది.

వెనక టార్పాలిన్ మీద నుంచి ఎవరో అరిచారు. "ఏమప్పా, తప్పెటకు జొరమొచ్చినట్టుండాదే!"

"పైకెక్కితే తల తిరిగినట్టుండాదిలే!"

నవ్వులు లేచాయి. కుర్చీల్లోకి కూడా పాకాయి. కండక్టర్ కొంచెంసేపు ఆగాడు. తర్వాత పుల్ల ఎత్తాడు. ఫిడేళ్ళు ఒక్కసారిగా లేచి ఆ చప్పుడును కప్పేశాయి. ఆయన ఇంకా కొడుతూనే ఉన్నాడు. ఇక వినపడలేదు. కాసేపటికి చేతులు దించి, వచ్చిన మెట్ల మీదనే దిగిపోయాడు.

కచేరీ గంటన్నర సాగింది. బాగా జరిగిందని అందరూ అన్నారు. నా పక్కన కంబళి కప్పుకుని కూర్చున్న గొర్రెల కాపరి కళ్ళు మూసుకుని విన్నాడు. ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియక జనం మధ్యలో కొట్టారు. వాద్యకారులు నవ్వుతూ తలలు వంచారు. వాళ్ళ వేళ్ళు కదలడం చూశాను. సంగీతం ఏదీ నాలోకి దిగలేదు. తప్పెట ఎందుకు పలకలేదని కూడా నేను ఆలోచించలేదు. పెద్దవాడయ్యాడు, భయపడ్డాడు అనుకుని ఊరుకున్నాను.

జనం లేచాక దక్షిణం మెట్ల దగ్గర ఆయన భార్య నా దారికి అడ్డంగా నిలబడింది. ఆయన ఆమె వెనకాల కూర్చుని తప్పెటను సంచిలో పెట్టుకుంటున్నాడు.

"ఏం సార్, నిప్పు మీద మీకేం కోపం?" అంది.

"అది నిప్పు గురించి కాదమ్మా. ఆ పూజ..."

"పూజ యాడిది? తప్పెట కాచుకుంటా ఉండె! గాలికి చర్మం మెత్తబడిందని, మంటేసుకుందామని జూస్తే ఈ బయల్లో ఒక గడ్డిపోచ లేదు. ఊడ్చి నున్నగా పెట్టిండారు గదా దొరలు. నేనే పూలంగడికి పరిగెత్తి కర్పూరం తెచ్చిస్తిని. గాలికి ఆరిపోతాదని ఆ స్తంభం చాటుకు పోయినాడు. మొక్కేదానికా? ఆయప్ప ఇంట్లో దీపం గూడా ముట్టించడు సార్. దానికే నాకూ ఆయప్పకూ రోజూ జగడం."

నేను ఆయన వైపు తిరిగాను. "చెప్పొచ్చు గదన్నా?"

"చెప్పబోతిని. ఇంకేం చెప్పొద్దంటిరి," అన్నాడు. గొంతులో కోపం లేదు. సంచి మూతి ముడి వేసుకుంటున్నాడు.

మెట్ల కింద ఆ సాయంత్రం "సరే సార్" అన్నప్పటి గొంతు నాకు అప్పుడు మళ్ళీ వినిపించింది. భూస్వాముల ముందు, అధికారుల ముందు ఆ గొంతు చాలాసార్లు విన్నాను. దాని మీద వ్యాసాలు రాశాను. ఈసారి అది నా ముందు పలికింది. సిగ్గు కలగాలి. కలగలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు అది ఎవరి చెయ్యో అన్నట్టు ఉంటుంది కదా, మనసంతా అలా ఉంది. నలుగురితో పాటు నేనూ గేటు దాకా నడిచి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు కమిటీ సమావేశంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. మంట నేనే తొక్కానని, తప్పెట పలకకపోవడానికి కారణం నేనేనని చెప్పాను. అలంకారాలు లేవు, వాదన లేదు.

"మీరు భలే మంచోళ్ళు సార్," అన్నాడు అధ్యక్షుడు. "వాని తప్పు మీ నెత్తిన ఏసుకుంటాండారు."

"నేను అబద్ధం చెప్పడం లేదు."

"అబద్ధమనలేదు సార్. మీకు జాలెక్కువ. మీరు కర్పూరం తొక్కితే తప్పెట మూగబోయిందా? ఇట్లాంటివి నమ్మొద్దని మాకు చెప్పేది మీరే గదా!"

గది గొల్లుమంది. ఎదుటివాడి మాటనే తీసుకుని ఎదుటివాడి మీదికి విసరడం ఆయనకూ వచ్చు. నేను చర్మం గురించి, సెగ గురించి, తేమ గురించి చెప్పాను. ఎరువుల వ్యాపారి టీ తెప్పించాడు. వచ్చే చలికాలం మళ్ళీ కచేరీ ఉంటుందని, తప్పెట గేటుకాడ మాత్రమే ఉంటుందని పుస్తకంలో రాసి సంతకాలు చేశారు. నేను చేయలేదు. నా సంతకం లేకపోయినా తీర్మానం తీర్మానమే.

పేటకు వెళ్ళి ఆ మాట చెప్పాను. ఆమె గడపలోనే ఉంది, నా వైపు చూడలేదు. ఆయన విన్నాడు.

"గేటుకాడనా? సరే సార్."

నేను అడిగాను. "పైనుంచి చూసినావు గదన్నా. ఎట్లుండాది?"

"యాడ చూసినా సార్! కొట్టకముందు ఒక్క చూపు. జనం నవ్వినాక తలెత్తితే గదా." గోడకు తగిలించిన తప్పెట వైపు చూసి, "ఇంగొకసారి ఎక్కాల," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

ఇది చదువుతున్నవాళ్ళలో చాలామంది ఆ సాయంత్రం ఆ బయల్లో కూర్చున్నారు. కొందరు నవ్వారు. మిమ్మల్ని తప్పు పట్టే అర్హత నాకు లేదు. నా మాట నమ్మమని కూడా అడగను. కమిటీ నమ్మలేదు, మీరు ఎందుకు నమ్మాలి? పరీక్ష చేయండి. మబ్బు పట్టిన ఒక రోజు చూసి పేటకు వెళ్ళండి. ఆయన్ని అడిగి, చల్లబడిన తప్పెట మీద ఒక దెబ్బ వినండి. తర్వాత ఆయన కాచుకునేదాకా, మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చుని, మళ్ళీ ఒక దెబ్బ వినండి. తేడా చెవికి తెలియకపోతే నన్ను అబద్ధాలకోరు అని బహిరంగంగా అనండి. తెలిస్తే మాత్రం విని ఊరికే ఇంటికి రావద్దు. మీ పేరు పెట్టి, సంతకం పెట్టి కమిటీకి రాయండి. ఆ మనిషి మండపం మీదనే కొట్టాలని, కొట్టేముందు ఆయనకు గడ్డీ నిప్పూ ఇవ్వాలని, గేటుకాడ అన్న తీర్మానం కొట్టేయాలని రాయండి. చలికాలం దాకా ఆగకండి. ఈ వారమే రాయండి.