ఏసీ గదిలో లూపిన్

అరబ్బుల ఎడారిలో, రువైస్‌లో కంపెనీ క్వార్టర్లు కొత్తగా కట్టిన రోజులవి. నర్సు పని చేసే మా అమ్మాయి బిడ్డను చూసుకోవడానికి వెళ్ళాను. పక్కింట్లో ఉండే దొరసాని నాకు ఈరోజుకీ అర్థం కాలేదు.

ఆవిడ కుండీలో లూపిన్ అనే చలిదేశపు పూలమొక్క పెంచేది. గింజకు బ్లేడుతో గాటు పెట్టి, నానబెట్టి మరీ నాటింది. చలికాలం చివర అది ఊదారంగు కంకి వేసింది. చిక్కుడు పిందెల్లాంటివి కనబడగానే కత్తెరతో కంకి కోసిపారేసింది.

నా ప్రాణం ఉసూరుమంది. "కాపుకొచ్చినదాన్ని ఎవరైనా కోస్తారటే?"

మా అమ్మాయి నవ్వింది. "కాయ ముదిరితే మొక్కకి సత్తువ పోతుందటమ్మా. ఇది ఏటేటా పూసేదట. ఆ గింజలు విషం కూడానట, నువ్వు పప్పులో వేసేవు!"

దొరసాని నావైపు తిరిగి, కూలీల దగ్గర నేర్చిన హిందీలో "ఫిర్ ఆయేగా, అమ్మా" అంది, మళ్ళీ వస్తుందని. ఏమడిగినా ఆవిడది అదే మాట.

ఎండలు ముదిరి ఆకులన్నీ మాడిపోతే కుండీని ఏసీ గదిలో పెట్టుకుంది.

"ఖలాస్ అమ్మా, పీకెయ్యండి" అన్నాను.

ఆవిడ గోటితో మట్టి తప్పించి, వేరు మొదట్లో ఆవగింజంత మొలక చూపించింది. దాన్ని చూసి నవ్విందో, ఏడ్చిందో!

తర్వాత సెలవుకి వాళ్ళ దేశం వెళ్తూ తాళం నాకిచ్చింది. నీళ్ళు పోద్దామని వెళితే, మనిషి లేని ఇంట్లో ఏసీ తిరుగుతోంది. ఉత్త గదిలో దీపం వెలిగితేనే ఓర్వనిదాన్ని. కట్టేద్దామని స్విచ్చి మీద చెయ్యి వేశాను. ఏం పిచ్చో నాది, కుండీ వైపు చూసి, చల్లదనం పోకుండా తలుపు గట్టిగా మూసి వచ్చేశాను.