వీపు తిప్పి విన్న ఆట

మూడేళ్లపాటు ప్రతి సోమవారం నేను ఒక సున్నా రాశాను. అరవైల తొలి సంవత్సరాల్లో, ధర్మవరానికి ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న ఒక చేనేత ఊళ్లో, చెరువుల శాఖలో ఓవర్సీరుగా నా మొదటి ఉద్యోగం అది. తూము పక్కన నాటిన కొలరాయి మీద నీటిమట్టం చదివి రిజిస్టరులో రాసి సంతకం పెట్టడం నా విధుల్లో ఒకటి. చెరువులో నీళ్లు లేవు. అయినా సరే దిగి, వంగి, రాయి మొదలు దాకా చూసి, సున్నా రాసి వచ్చేవాణ్ణి. చూడకుండా రాయడం నాకు చేతకాలేదు.

ఆ ఎండిన చెరువులోనే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఆడేది. ఆటస్థలాన్ని నేను గొలుసుతో కొలిచాను. పొడవు నూట ఎనిమిది గజాలు, వెడల్పు అరవై ఆరు. ఒక గోలు నుంచి రెండో గోలుకు వాలు అడుగు కన్నా తక్కువ. ఎన్నో తరాల ఒండ్రు తనంతట తాను పేర్చుకున్న చదును అది. అంత నిక్కచ్చిగా మనిషి చదును చేసిన నేలను ఆ జిల్లాలో నేను చూడలేదు. నెర్రెలు విచ్చిన చోట పిల్లలు ఇసుక పోసి కూరేవారు. ఎండకు బిగిసిన ఆ నేల మీద ఎవరైనా వట్టి కాలితో బంతిని తన్నితే, చెరువు కట్ట మీదికి ప్రతి దెబ్బా విడివిడిగా వినిపించేది.

కట్ట మీద సాయంత్రం ఐదు దాటాక క్లబ్బు అభిమానులు చేరేవారు. పది పదిహేనుమంది ఉన్నా మాట్లాడేవాళ్లు ఇద్దరే. ఒకరు బజారు దర్జీ, ఆయన ఊరి పిల్లల పక్షం. రెండో ఆయన జట్కా తోలేవాడు. రోజూ రైల్వే స్టేషనుకు పోయి వచ్చే మనిషి కనుక బయటి ఆటగాళ్ల పక్షం.

“శెనక్కాయ ఏస్తే నాలుగు నెల్లకు చేతికొస్తాది. పిల్లోల్లను ఏస్తే నాలుగేండ్లయినా రారు,” అనేవాడు జట్కా ఆయన. “బళ్లారి నుంచి నలుగుర్ని పిలిపిస్తే రేప్పొద్దున్నే గెలుస్తాం.”

“బళ్లారోల్లు గెలిస్తే బళ్లారి గెలిచినట్లు. నీకేమొస్తాది?”

“వాళ్లు బూట్లేసుకుని ఆడ్తారప్పా!”

“నీ గుర్రానికీ లాడాలుండాయి. అది ఏ పొద్దన్నా పందెం గెలిచిందా?”

వాళ్లు వాదించుకునే ఆ పిల్లలను తయారు చేసినది ఒక దూదేకుల సాయిబు. ఇంటింటికీ పోయి పాత పరుపులు విప్పి దూది ఏకడం ఆయన వృత్తి. క్లబ్బు చిన్న జట్టుకు శిక్షకుడు ఆయనే. పని ముగించుకొని, దూది ఏకే నిలువెత్తు విల్లు భుజాన పెట్టుకొని నేరుగా కట్ట మీదికి వచ్చేవాడు. పిల్లలను ఎంచుకోవడంలో ఆయన పద్ధతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక్కో ఇంటి వాకిట్లో రోజంతా దూది ఏకుతూ ఆ ఇంటి పిల్లవాణ్ణి గమనించేవాడు. మేక కట్టు తెంపుకొని పారిపోతే వాడు ఏ వైపు పరిగెత్తుతాడో చూసేవాడు.

“దాని తోకెంబడి ఉరికేటోడు నాకొద్దు సార్,” అని ఒకసారి నాతో చెప్పాడు. “అది యాడికి పోతాదో ఆడికి ముందే పోయి నిలబడేటోడు కావల్ల.”

అలా ఏరిన వాళ్లలో ఒకడు పదిహేడేళ్ల నేతపిల్లవాడు. మగ్గం గుంతలో కూర్చొని, తొక్కుడు చెక్కలను రెండు కాళ్లతో మార్చి మార్చి తొక్కుతూ పెరిగినవాడు. కుడి ఎడమల తేడా తెలియని కాళ్లు వాడివి. వాడి నాయన, క్లబ్బు అధ్యక్షుడైన పట్టు సావుకారు దగ్గర పట్టు తెచ్చుకొని చీరలు నేసి ఇచ్చేవాడు. ఆ ఏడు ఒక పెళ్లివారి కోసం పెద్దంచు చీర ఒప్పుకున్నాడు. ఆ రకం నేతకు మగ్గం మీద ఇద్దరుండాలి. కొడుకుతో ఒక్కటే మాట చెప్పాడు: పామిడి ఊరి జట్టుతో జరగబోయే పోటీకి పెద్ద జట్టులో పేరు వస్తే ఆడుకోవచ్చు, రాకపోతే ఆ రోజు నుంచి ఆట మానేసి మగ్గం మీద కూర్చోవాలి. ఈ సంగతి కట్ట మీద అందరికీ తెలుసు.

పామిడి చేతిలో మేము ముందటేడు ఓడిపోయాం. ఈసారి సాయిబు చిన్న జట్టు నుంచి నలుగురు పిల్లల పేర్లిచ్చాడు. సావుకారు ఆ నలుగురి స్థానంలో బళ్లారి వాళ్లను దింపుదామన్నాడు. కట్ట మీద రెండు రోజులు గొడవ జరిగింది. చివరికి దర్జీ నా వైపు చూపించి, “ఈ సారు మూడు నెల్లుగా ప్రతి ఆటా రాసుకుంటాండాడు. ఆయన లెక్కలో ఏముండాదో అదే చేద్దాం,” అన్నాడు. సావుకారు ఒప్పుకున్నాడు.

నిజంగానే నా దగ్గర ఒక పట్టిక ఉండేది. ప్రతి ఆటగాడి పేరు ఎదుట నాలుగు గడులు: కొట్టిన గోళ్లు, గోలు మీదికి తన్నిన తన్నులు, ఎదుటివాణ్ణి దాటిపోయిన సార్లు, ఎదుటివాడి నుంచి బంతి లాక్కున్న సార్లు. బుధవారం సాయంత్రం దాన్ని కట్ట మీద నిలబడి చదివాను. సాయిబు చెప్పిన ముగ్గురు పిల్లలు పెద్దవాళ్లకు ఏమాత్రం తీసిపోలేదు. దర్జీ తొడ కొట్టాడు. నాలుగోవాడైన నేతపిల్లవాడి వరుస మాత్రం దాదాపు ఖాళీగా ఉంది. ఉన్నదున్నట్టు చదివాను.

“సరే. ముగ్గురూ ఉండనీ,” అన్నాడు సావుకారు. “ఈ ఒక్కడి తావులో బళ్లారి నుంచి ఒకర్ని తెప్పిస్తా. శనివారం జాబు రాస్తా.”

కింద ఆట ముగిసి పిల్లలు బంతిని సంచిలో వేస్తున్నారు. ఈ మాట ఎవరో చెప్పగా విని, నేతపిల్లవాడు పట్టుకున్న గోలు కర్రను వదిలి అందరి కన్నా ముందు వెళ్లిపోయాడు. నేను రాసినదాంట్లో అబద్ధం లేదు.

మరునాడు సాయిబు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయనలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

“మీ లెక్క తప్పని నేననను సార్. మీరు బంతిని లెక్కబెట్టినారు. బంతి యాడుండాదో గుడ్డోనికి తప్ప అందరికీ కనపడ్తాది. ఈ ఒక్క పూట దాన్ని చూడాకండి. ఇట్ల తిరగండి.”

ఆయన చాలాసార్లు ఆటకు వీపు తిప్పి కూర్చోవడం నేను చూశాను. “మన కోచ్ వీపుతో చూస్తాండాడు” అని జట్కా ఆయన ఎగతాళి చేసేవాడు. రోజంతా వంగి పనిచేసినవాడు నడుముకు విశ్రాంతి ఇస్తున్నాడని నేను అనుకునేవాణ్ణి.

“ఏకేటప్పుడు దూది కండ్లకు తెల్సదు సార్, అంతా తెల్లగానే ఉంటాది. నారి చప్పుడును బట్టే తెల్సేది, యాడ ముద్దగా ఉండాదో, యాడ విడిపోయిందో. వినండి.”

విన్నాను. కాలు బంతికి తగిలే చప్పుడు, మళ్లీ చప్పుడు, మళ్లీ. చేతి గడియారం ముందు పెట్టుకొని చప్పుడుకూ చప్పుడుకూ మధ్య వ్యవధి చూశాను. సెకన్ల ముల్లు రెండు మూడు గీతలు దాటేలోగా తర్వాతి దెబ్బ వినిపిస్తోంది, మగ్గం ఆడినట్టు ఎడతెగకుండా. సాయిబు నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు. “ఇప్పుడు మన నేతపిల్లోడు బయటికొచ్చినాడు,” అన్నాడు. కాసేపటికి వరుస చెదిరింది. ఒక దెబ్బ, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, తర్వాత గబగబా రెండు, అరుపులు, మళ్లీ నిశ్శబ్దం. ఎవడో బంతిని ఎవరికి ఇవ్వాలో తెలియక కాళ్ల మధ్య దాచుకుంటున్నాడు. మళ్లీ ఈల. పిల్లవాడు లోపలికి వెళ్లాడు. నూరు అంకెలు లెక్కపెట్టేలోగా ఆ దెబ్బలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు దగ్గరికి జరిగి, మళ్లీ సమంగా నడవసాగాయి.

మొదటిసారి, నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం గాజుగొట్టంలో బుడగ జారి జారి సరిగ్గా మధ్యకు వచ్చి నిలిచినప్పుడు, భూమి అంతా నా కంటి ఎదుట ఒక గీతకు ఒదిగినట్టనిపించింది. ఇది అంతకన్నా పెద్దది. ఇరవైఒక్కమంది చేసే చప్పుడులో, ఎక్కువ భాగం బంతి ముట్టని ఒక పిల్లవాడి ఉనికి స్పష్టంగా వినిపిస్తోంది. వాడు ఎప్పుడూ, బంతి ఉన్నవాడు తలెత్తితే కనిపించేచోట నిలబడి ఉంటాడు. బంతి వస్తే ఒక్క తాకుతో పంపేసి పక్కకు జరుగుతాడు. అందుకే నా నాలుగు గడుల్లో ఏదీ వాడికి పట్టలేదు.

శుక్రవారం సావుకారును కట్ట మీదికి రప్పించి, అందరి ముందూ నా పట్టిక చాలదని చెప్పాను.

“మొన్న మీరే చదివితిరి, నేడు మీరే కాదంటిరి,” అన్నాడు సావుకారు. “ఏ రోజు ఓవర్సీరును నమ్మల్ల?”

“నన్ను నమ్మవద్దు. తిరిగి కూర్చొని వినండి.”

పన్నెండుమంది చెరువుకు వీపు పెట్టి, కట్ట అవతలి పొలాల వైపు తిరిగి కూర్చున్నారు. సావుకారు పంచె సర్దుకొని చివరగా కూర్చున్నాడు.

“ఆట చూడనికొచ్చి జొన్నచేను చూడల్నా?” అన్నాడు జట్కా ఆయన.

“జొన్న యాడుండాది? కోత అయిపోయింది, కొయ్యకాళ్లు చూడు. నోరు మూసుకొని చెవులు తెరువు,” అన్నాడు దర్జీ.

నేనొక్కణ్ణే సాక్షిగా ఆట వైపు తిరిగి నిలబడ్డాను. కింద సాయిబు తువ్వాలు ఊపి పిల్లవాణ్ణి బయటికి పిలుస్తాడు, లోపలికి పంపుతాడు. నేను అడుగుతాను: ఉన్నాడా, లేడా? మొదటిసారి ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. రెండోసారి అందరూ సరిగ్గా చెప్పారు. మూడోసారి సాయిబు నేతపిల్లవాణ్ణి లోపలికి పంపి, అదే సమయంలో జట్టులో అందరి కన్నా గట్టివాణ్ణి బయటికి తీశాడు. చప్పుడు తడబడింది.

“లేడు,” అన్నాడు సావుకారు. “లేడు,” అన్నాడు దర్జీ, విచారంగా.

అప్పుడు కట్ట అవతలి వాలు నుంచి ఒక గొంతు వినిపించింది. “ఉండాడు.”

జట్టులో పేరు పోయిందని విని, కొడుకును మగ్గం పనికి పిలుచుకుపోవడానికి నేతపిల్లవాడి నాయన పొలం దారిన ఎక్కి వస్తున్నాడు. వరుసగా తన వైపే చూస్తూ కూర్చున్న మనుషులను చూసి సగంలో ఆగిపోయాడు. చెరువుకూ ఆయనకూ మధ్య కట్ట అడ్డంగా ఉంది.

“నీకు కనపడ్తాండాదా?” అన్నాడు జట్కా ఆయన.

“కట్ట అడ్డముంటే ఎట్ల కనపడ్తాది? వినపడ్తాండ్లా? యాడో పోగు బిగువు తప్పింది, ఎవుడో దాన్ని సర్దుతాండాడు. నేత ఆగలేదు. ఇంట్లో మగ్గం మీద గూడా వాడంతే. వాని కాలు నాకు తెల్సు.”

ఉన్నాడని నేను చెప్పాను. చెరువులో ఆ దెబ్బలు ఒకటొకటిగా మళ్లీ సమంగా కుదురుకోవడం అందరం విన్నాం. ఆయన మిగిలిన నాలుగు అడుగులూ ఎక్కి కట్ట మీద నిలబడ్డాడు. కొడుకు ఆట ఆయన చూడడం అదే మొదలు. పొద్దు కుంకేదాకా కదలకుండా చూశాడు. తర్వాత సావుకారు వైపు తిరిగాడు.

“అయ్యా, ఆ పెద్దంచు చీర ఆలస్యమైతాది. పామిడి ఆట అయ్యేదాంక నేను మగ్గం ఆపుతాండా. మీరు బళ్లారి జాబు ఆపుండ్రి.”

తనకు పట్టు ఇచ్చే మనిషితో నేతగాడు అలా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. అక్కడున్నవాళ్లూ విని ఉండరు. సావుకారు ఆయన్ను చూశాడు, చెరువు వైపు చూశాడు.

“వారమే గదా?”

“వారమే.”

“పెండ్లోల్లకు నేను చెప్పుకుంటాలే,” అన్నాడు సావుకారు, లేచి పంచె దులుపుకుంటూ.

పామిడిలో మేము ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. పెన్నా ఒడ్డున, మాకు అలవాటు లేని మెత్తటి నేల మీద ఆ పిల్లవాడు, నాయన చూస్తుండగా, ఆట చివరిదాకా ఆడాడు. ఓడినా, తిరుగు ప్రయాణంలో బళ్లారి మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఇంటికి వచ్చి పట్టికలో ఐదో గడి గీశాను. దానికి ఏం పేరు పెట్టాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మరునాడు సాయంత్రం సాధన మొదలయ్యేసరికి నేతపిల్లవాడి నాయన కట్ట మీద ఉన్నాడు. దర్జీ పక్కన రాయి చూసుకొని కూర్చున్నాడు.

“నిన్న రెండో సగంలో మావోడు ఎడమపక్కకు పోయేదే మర్సినాడు,” అన్నాడు.

“ఏమప్పా,” అన్నాడు దర్జీ, “మొన్నటిదాంక ఆట మాన్పిస్తానంటివి. ఇయ్యాల తప్పులు పడ్తాండావా?”

“మాన్పిచ్చేటట్లుంటే తప్పులు పట్టే పని నాకేముండాది?” అన్నాడాయన, ఆట మీది నుంచి చూపు మరల్చకుండానే. “పామిడోల్లతో మళ్ల ఎప్పుడు?”