మూడో బేస్ దగ్గర కబడ్డీ పట్టు

జగిత్యాలలో అమ్మాయిల బేస్‌బాల్ మ్యాచ్. ఆడేది కోరుట్ల, సిరిసిల్ల జట్లు. అంపైర్‌ని నేను. సిరిసిల్ల తరఫున మూడో బేస్ దగ్గర నిలబడ్డ పిల్ల ముస్తాబాద్ బడిలో నా దగ్గర కబడ్డీ నేర్చుకున్నదే. అయితే ఏంటి, గ్రౌండ్‌లో నాకు ఎవరైనా ఒకటే.

కోరుట్ల పిల్ల మూడో బేస్ దాటి, పరుగు పూర్తయ్యే హోమ్ బేస్ వైపు పరుగెత్తింది. బాల్ ఇంకా ఎక్కడో దూరంగా ఉంది. నా శిష్యురాలు ఒక్క దూకు దూకి ఆమె నడుము పట్టేసింది. అచ్చం కబడ్డీ పట్టు! జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ పరుగు కోరుట్లకే ఇచ్చాను.

సిరిసిల్ల కోచ్ నా మీదికొచ్చాడు. "గిదేంది మేడం? మా పిల్ల పట్టలే, ఆమెనే అచ్చి తగిలింది."

నాకు ఒళ్లు మండింది. "చేతిల బాల్ లేకుంట దారికి అడ్డం రావద్దు సార్. రూలు గంతే."

అతను గొంతు పెంచాడు. అప్పుడా పిల్ల చెయ్యెత్తింది. "నేనే పట్టిన సార్. బాల్ లేదు."

కోచ్ వెనక్కి తిరిగి తన జట్టు వైపు నడిచాడు.

కబడ్డీలో కూతకొచ్చినవాళ్ల చెయ్యి తగిలితే, రెఫరీ చూడకపోయినా మనమే చెయ్యెత్తి బయటికి నడవాలి. నా దగ్గర మొదటి పాఠం అదే.

ఆ పట్టూ నేను నేర్పిందే, చెయ్యెత్తడమూ నేను నేర్పిందే. పట్టుకు శిక్షగా ఒక పరుగు అవతలి జట్టుకిచ్చాను. ఎత్తిన ఆ చేతికి ఏమివ్వాలో రూల్ బుక్కులో ఎక్కడా లేదు.